‘నైట్రేట్ లేని ఆకుకూర’ అని స్టిక్కర్ వేశాను, తర్వాత పీకేశాను: ఒంట్లో నైట్రోసో పదార్థాల పాఠం

పై వీడియోలో తోటకూర కాడ పిండి, ఆ రసంలో స్ట్రిప్ ముంచి రంగు చూపించాను కదా. పన్నెండు నిమిషాల్లో అంతా చెప్పడం కుదరలేదు. ఆ రంగు ఏంటి, దానికీ కేన్సర్‌కీ సంబంధం ఏంటి, మనం ఏం మార్చుకోవాలి అని అడిగినవాళ్ల కోసం ఇక్కడ వివరంగా రాస్తున్నాను. కొంచెం పెద్దదే. తీరిగ్గా చదవండి.

ముందు నా తప్పు చెప్తాను.

స్టిక్కర్ కథ

మాది కొండపల్లి. ఖిల్లా కింద ఎర్ర నేలలో ఎకరంన్నర ఆకుకూరలు వేస్తాను. తోటకూర, పాలకూర, చుక్కకూర, గోంగూర, మెంతికూర. విజయవాడలో ఇళ్లకి కట్టలు కట్టి ఇస్తాను. రెండేళ్ల కిందట అమ్మకం పెంచుకుందామని కవర్ల మీద ‘యూరియా లేదు, నైట్రేట్ లేదు’ అని స్టిక్కర్ వేయించాను. యూరియా వేయను కాబట్టి నైట్రేట్ కూడా ఉండదని నా లెక్క.

భవానీపురంలో రిటైరైన టీచరమ్మ గారు ఒకరు మా దగ్గర తీసుకుంటారు. వాళ్ల ఆయనకి పొట్టలో కేన్సర్‌కి ఆపరేషన్ అయింది. ఒకరోజు కవర్ చేతిలో పట్టుకుని అడిగారు.

“బాబూ, ఆకుకూరల్లో నైట్రేట్ ఉంటుంది, అది కడుపులోకి వెళ్లి కేన్సర్ పదార్థం అవుతుందని ఎక్కడో చదివాను. ఆకుకూర మానేద్దాం అనుకున్నాను. మీ కవర్ చూసి ఆగాను. ఇది పరీక్ష చేయించి రాసిందేనా?”

“చేయించలేదండి” అనడానికి నోరు రాలేదు. “చూసి చెప్తానమ్మా” అని వచ్చేశాను.

స్ట్రిప్‌లు తెప్పించి రెండు మళ్లలో చూశాను. ఒక మడి సరే అనిపించింది. రెండో మడిలో రంగు చార్టు చివరి గడి దాకా వెళ్లింది. ఆ మడిలో నేను ఆ సీజన్‌లో నూజివీడు వైపు నుంచి చవగ్గా వచ్చిన కోళ్ల ఎరువు మాగబెట్టకుండా తోలించాను. పైగా అది బొప్పాయి నీడలో ఉన్న మడి. కోసింది ముసురు పట్టిన రోజు తెల్లారుజామున. ఒక్క గింజ యూరియా లేదు. నైట్రేట్ మాత్రం నిండుగా ఉంది.

డిప్లొమాలో నత్రజని చక్రం బొమ్మ వేసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే నేను. యూరియా అయినా, కోళ్ల పెంట అయినా, ఆవు పేడ అయినా, చివరికి నేలలో సూక్ష్మజీవులు దాన్ని అమ్మోనియంగా, నైట్రేట్‌గా మార్చాకే మొక్క ఎక్కువగా తీసుకుంటుంది. నైట్రేట్ మీద ‘సేంద్రియం’ అని గుర్తేమీ ఉండదు. ఆ సంగతి తెలిసి కూడా స్టిక్కర్ వేశాను. మిగిలిన స్టిక్కర్లు చించేశాను. “నువ్వే ఇలా చెప్పుకుంటే మన కూర ఎవడు కొంటాడు” అని తోటి రైతు ఒకాయన కోప్పడ్డాడు కూడా. కానీ అడిగినావిడ ఇంట్లో రోగి ఉన్నాడు. ఆవిడకి అబద్ధం చెప్పి అమ్మలేను, నిజం సగం చెప్పి ఆకుకూర మాన్పించలేను. అందుకే మొత్తం చదివాను. చదివింది ఇదీ.

ఆకులో నైట్రేట్ ఎందుకు నిలుస్తుంది?

మొక్క వేళ్లతో నైట్రేట్ పీల్చుకుంటుంది. ఆకులో దాన్ని ముందు నైట్రైట్‌గా, తర్వాత అమ్మోనియాగా, చివరికి మాంసకృత్తుగా మార్చుకుంటుంది. మొదటి మెట్టు చేసే ఎంజైము పేరు నైట్రేట్ రిడక్టేజ్. అది పని చేయాలంటే ఎండ కావాలి, మాలిబ్డినం అనే సూక్ష్మపోషకం కావాలి.

ఎండ బాగుంటే వచ్చిన నైట్రేట్ వచ్చినట్టు ఖర్చవుతుంది. మబ్బు పడితే వేరు పీలుస్తూనే ఉంటుంది, ఆకు మాత్రం వాడుకోలేదు. అప్పుడు కాడల్లో, ఈనెల్లో దాచుకుంటుంది. అందుకే ఆకు రేకు కంటే కాడలో నైట్రేట్ ఎక్కువ. లేత ఆకు కంటే ముదురు బయటి ఆకులో ఎక్కువ. సాయంత్రం కంటే తెల్లారుజామున ఎక్కువ.

అన్ని కూరలూ ఒకటి కాదు. తోటకూర, పాలకూర, బీట్‌రూట్, ముల్లంగి నైట్రేట్ బాగా దాచుకునే రకాలు. టమాటా, బఠాణీ లాంటి కాయలు, గింజల్లో తక్కువ.

నోట్లో మొదలై పొట్టలో ముగిసే కథ

ఇక్కడి నుంచి మన పాఠంలో అసలు భాగం.

మనం తిన్న నైట్రేట్ పేగుల్లో రక్తంలోకి వెళ్తుంది. చాలా వరకు మూత్రంలో పోతుంది. కానీ సుమారు నాలుగో వంతు లాలాజల గ్రంథుల ద్వారా మళ్లీ నోట్లోకి వస్తుంది. నాలుక వెనక భాగంలో ఉండే బ్యాక్టీరియా అందులో కొంత భాగాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది. లెక్క వేస్తే, తిన్న నైట్రేట్‌లో నూటికి ఐదు నుంచి ఏడు వంతులు ఇలా నైట్రైట్ అవుతాయి. మన నేలలో జరిగే పని లాంటిదే మన నాలుక మీద కూడా జరుగుతోందన్నమాట.

దీన్ని మీరు కళ్లతో చూడొచ్చు. రొయ్యల చెరువుల వాళ్లు నీళ్లలో నైట్రైట్ చూడ్డానికి కిట్లు వాడతారు. అదే కిట్ తెచ్చి, పొద్దున్నే ఒక కప్పులో ఉమ్మి, నీళ్లు కలిపి పల్చన చేసి చూశాను. లేత గులాబీ. మధ్యాహ్నం పాలకూర పప్పు తిని గంటన్నర తర్వాత మళ్లీ చూశాను. ముదురు గులాబీ. వీడియోలో ఆరో నిమిషం దగ్గర ఇది ఉంది. కిట్ మందు నోట్లో పెట్టకండి, పిల్లలకి అందనివ్వకండి.

ఈ నైట్రైట్ ఉమ్మితో పాటు పొట్టలోకి దిగుతుంది. అక్కడ యాసిడ్ ఉంటుంది. యాసిడ్‌లో నైట్రైట్ చురుకైన రూపంలోకి మారి, ఎదురుగా ‘అమైన్’ అనే పదార్థం దొరికితే దాన్ని పట్టుకుంటుంది. అలా పుట్టేవే నైట్రోసో పదార్థాలు, వాటిలో ఒక రకం నైట్రోసమైన్లు. అమైన్లు ఎక్కడి నుంచి వస్తాయి? నిల్వ ఉన్న సముద్రపు చేపల నుంచి, పొగాకు నుంచి, వక్క నుంచి, కొన్ని మందుల నుంచి, మాంసకృత్తులు అరిగేటప్పుడు మన ఒంట్లో నుంచి కూడా.

వీటికి ఎందుకు భయపడాలి? 1956లో ఇంగ్లండులో మాగీ, బార్న్స్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు డైమిథైల్ నైట్రోసమైన్ పెట్టిన ఎలకలకి కాలేయంలో గడ్డలు వస్తాయని చూపించారు. 1960ల మొదట్లో నార్వేలో ఇది రైతు కొట్టం దాకా వచ్చింది. నైట్రైట్ కలిపి నిల్వ చేసిన చేపల పొడిని దాణాగా తిన్న గొర్రెలు, పశువులు కాలేయం పాడై చనిపోయాయి. చేపలో అమైన్ ఉంది, నిల్వ మందులో నైట్రైట్ ఉంది, రెండూ కలిసి అదే నైట్రోసమైన్ అయింది. ఈమధ్య సంగతి అయితే, గ్యాస్‌కి వాడే ర్యానిటిడిన్ మాత్రలో ఇదే పదార్థం పుడుతోందని 2020 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వం ఆ మందును బజారు నుంచి తీసేయమంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన కేన్సర్ పరిశోధన సంస్థ ఫ్రాన్సులో లియోన్ నగరంలో ఉంది. అది 2006లో ఒక మాట తేల్చింది. ఒంట్లో నైట్రోసో పదార్థాలు తయారయ్యే పరిస్థితుల్లో తీసుకున్న నైట్రేట్, నైట్రైట్ మనిషికి కేన్సర్ కలిగించే అవకాశం బాగా ఉంది అని. ఆ మాటలో ‘తయారయ్యే పరిస్థితుల్లో’ అన్న ముక్కని గీత గీసుకుని చదవండి. నైట్రేట్ ఒక్కటే దోషి అని వాళ్లు అనలేదు. ఏ పరిస్థితి తయారు చేస్తుంది, ఏ పరిస్థితి ఆపుతుంది అన్నదే అసలు విషయం.

ఆపేది ఎవరు?

విటమిన్ సి. 1972లో అమెరికాలో మిర్విష్ బృందం దీన్ని చూపించింది. విటమిన్ సి ఉంటే నైట్రైట్ ముందు దానితోనే కలుస్తుంది, నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువుగా మారిపోతుంది. అమైన్ దగ్గరికి వెళ్లేలోపే ఖర్చయిపోతుంది. విటమిన్ ఇ, మొక్కల్లో ఉండే పాలీఫినాల్స్ కూడా కొంత ఇదే పని చేస్తాయి.

తాజా ఆకుకూరలో నైట్రేట్‌తో పాటు ఈ విటమిన్ సి కూడా ఉంటుంది. నిల్వ మాంసంలో నైట్రైట్ ఉంటుంది, అమైన్లు ఉంటాయి, ఎర్ర మాంసంలోని ఇనుము ఈ చర్యకి ఇంకా సాయం చేస్తుంది. అందుకే నిల్వ చేసిన మాంసాన్ని అదే లియోన్ సంస్థ 2015లో కేన్సర్ కారకాల మొదటి వర్గంలో పెట్టింది. కూరగాయలు, పండ్లు తినేవాళ్లకి అలాంటి ముప్పు కనిపించలేదు. పైగా ఆకుకూర నుంచి వచ్చే నైట్రిక్ ఆక్సైడ్ రక్తనాళాలని సడలిస్తుంది, బీపీ కొంత తగ్గిస్తుంది. బీట్‌రూట్ రసం మీద జరిగిన పరిశోధనల్లో చాలా దీని గురించే.

ఒక చిన్న జాగ్రత్త. పులుపు వేరు, విటమిన్ సి వేరు. చింతపండు ఎంత పుల్లగా ఉన్నా అందులో విటమిన్ సి చాలా తక్కువ. నిమ్మకాయ, ఉసిరి, జామ వీటిలో బాగుంటుంది. ఉసిరిలో నిమ్మ కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. వేడికి ఇది పోతుంది కాబట్టి నిమ్మరసం పొయ్యి మీద నుంచి దించాకే పిండాలి. అదే పూట అన్నంతో పాటే తినాలి. పొద్దున ఉసిరి తిని రాత్రి తోటకూర తింటే ఆ లెక్క కుదరదు.

ఒంట్లో ఎంత తయారైందో ఎలా కనిపెడతారు?

టీచరమ్మ గారు అడిగిన రెండో ప్రశ్న ఇదే. “రక్త పరీక్షలో తెలుస్తుందా బాబూ?”

నైట్రోసమైన్లు ఒంట్లో ఎక్కువసేపు నిలవవు. కాలేయం వాటిని విడగొట్టేస్తుంది, ఆ విడగొట్టేటప్పుడే డీఎన్‌ఏకి దెబ్బ తగులుతుంది. అందుకని రక్తంలో నేరుగా వెతకడం కష్టం. దీనికి 1981లో లియోన్ సంస్థలోనే ఒషిమా, బార్ట్ష్ అనే ఇద్దరు తెలివైన దారి కనిపెట్టారు.

ప్రోలిన్ అని ఒక అమైనో ఆమ్లం ఉంది. మన ఆహారంలో మామూలుగా ఉండేదే. అది నైట్రైట్‌తో కలిస్తే నైట్రోసోప్రోలిన్ అవుతుంది. దీని మంచి గుణం ఏంటంటే, ఇది కేన్సర్ కారకం కాదు. ఒంట్లో విడిపోకుండా దాదాపు అంతా మూత్రంలో వచ్చేస్తుంది. అంటే మనిషికి హాని లేకుండా అతని పొట్టలో ఈ చర్య ఎంత జరుగుతోందో కొలవడానికి ఒక గుర్తు దొరికింది. రంగు నీళ్లు పోసి పైపు లీకు ఎక్కడుందో కనిపెట్టినట్టు అన్నమాట.

వాళ్లు ముందు నైట్రేట్ ఉన్న బీట్‌రూట్ రసం తాగించారు. తర్వాత ప్రోలిన్ ఇచ్చారు. ఆ తర్వాత 24 గంటల మూత్రం సేకరించి అందులో నైట్రోసోప్రోలిన్ కొలిచారు. నైట్రేట్, ప్రోలిన్ రెండూ ఇచ్చినప్పుడు పెరిగింది. వాటితో పాటు విటమిన్ సి ఇస్తే బాగా తగ్గింది. ఎలకలో, గాజు గొట్టంలో కాదు, మనిషి ఒంట్లో ఇది జరుగుతుందనీ ఆపొచ్చనీ రుజువైంది అప్పుడే.

తర్వాత ఈ పరీక్షని చైనాలో అన్నవాహిక కేన్సర్ ఎక్కువగా ఉన్న లిన్‌షియన్ అనే ప్రాంతంలో వాడారు. పక్కన ఆ జబ్బు తక్కువగా ఉన్న ప్రాంతం వాళ్లతో పోలిస్తే అక్కడి వాళ్ల మూత్రంలో ఈ పదార్థాలు ఎక్కువ. భోజనం తర్వాత విటమిన్ సి ఇస్తే అక్కడా తగ్గాయి. మన దేశంలో ముంబయి కేన్సర్ పరిశోధకులు, లియోన్ వాళ్లు కలిసి 1980ల్లో తాంబూలం, పొగాకు నమిలేవాళ్ల మీద ఇదే సూత్రంతో పని చేశారు. పొట్టలోనే కాదు, నమిలేటప్పుడు నోట్లోనే ఈ పదార్థాలు పుడతాయని తేలింది.

అయితే ఒకటి గుర్తుంచుకోండి. ఇది పరిశోధన కోసం చేసే పరీక్ష. మనిషికి ప్రోలిన్ ఇచ్చి, రోజంతా మూత్రం పట్టి, ఖరీదైన యంత్రాల్లో కొలవాలి. ఒక గుంపుకీ ఇంకో గుంపుకీ తేడా చెప్పడానికి పనికొస్తుంది. ఒక మనిషికి కేన్సర్ వస్తుందో రాదో చెప్పదు. పైగా మనం ఏమీ తినకపోయినా ఒళ్లు కొంత నైట్రేట్‌ని తనంతట తనే తయారు చేసుకుంటుంది, ఒంట్లో వాపు, ఇన్‌ఫెక్షన్ ఉంటే ఇంకా ఎక్కువ. కాబట్టి ‘మీ ఒంట్లో నైట్రేట్ విషం చూస్తాం’ అని ఎవరైనా ప్యాకేజీ అమ్మితే డబ్బులు ఇవ్వకండి. మనం కొలవాల్సింది మన చేతిలో ఉన్నది: నీళ్లు, ఆకు.

ముందు బోరు నీళ్లు చూసుకోండి

తాగే నీళ్లలో నైట్రేట్ లీటరుకి 45 మిల్లీగ్రాములు దాటకూడదని మన దేశపు ప్రమాణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 50 అంటుంది. కేంద్ర భూగర్భజల మండలి 2024 నివేదిక ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో చూసిన నమూనాల్లో దాదాపు నాలుగో వంతు ఈ 45 దాటాయి. తెలంగాణలో ఇంకాస్త ఎక్కువ. యూరియా ఒక్కటే కారణం కాదు. పెంటపోగు, పశువుల కొట్టం, సెప్టిక్ ట్యాంకు బోరుకి దగ్గరగా ఉంటే అక్కడి నుంచి కూడా దిగుతుంది. నా పేడ దిబ్బ కూడా బావికి దగ్గరగానే ఉండేది, దూరం జరిపాను.

ఆకుకూరలో ఉన్న నైట్రేట్‌తో పాటు విటమిన్ సి వస్తుంది. నీళ్లలో ఉన్న నైట్రేట్‌తో పాటు ఏ కాపలా రాదు. అందుకే నీళ్ల విషయంలో ఎక్కువ కచ్చితంగా ఉండాలి.

పాలపొడి తాగే ఆరు నెలల లోపు పసిబిడ్డ ఇంట్లో ఉంటే ఇది ఇంకా ముఖ్యం. 1945లో అమెరికాలోని అయోవాలో, నైట్రేట్ ఎక్కువున్న బావి నీళ్లతో పాలు కలిపి పట్టిన పిల్లలు నీలంగా మారడం ఒక డాక్టరు గమనించి రాశాడు. నైట్రైట్ రక్తంలో ఆక్సిజన్ మోసే శక్తిని తీసేస్తుంది. నీళ్లు మరిగిస్తే నైట్రేట్ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది.

ఒక చిన్న లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థ కలిసి రోజుకి కిలో బరువుకి 3.7 మిల్లీగ్రాముల నైట్రేట్ వరకు పరవాలేదన్నాయి. 60 కిలోల మనిషికి 222 మిల్లీగ్రాములు. ఇప్పుడు లీటరుకి 45 ఉన్న నీళ్లు రోజుకి మూడు లీటర్లు తాగితే 135 అక్కడే అయిపోయాయి. 100 ఉన్న నీళ్లయితే 300. కిలోకి 2000 మిల్లీగ్రాములున్న తోటకూర వంద గ్రాములు తింటే 200. ఆకుకూర వల్ల అప్పుడప్పుడూ ఈ గీత దాటినా, దానివల్ల వచ్చే మేలు ముందు అది పెద్దగా లెక్కలోకి రాదని నిపుణుల మాట. నీళ్లలో రోజూ దాటితే మాత్రం ఆ మాట వర్తించదు.

స్ట్రిప్ పరీక్ష ఇలా చేయండి

1. ఒకే మడిలో పదిహేను ఇరవై మొక్కల నుంచి ముదిరిన ఆకు కాడలు తీసుకోండి. ఒక్క మొక్క చూసి తేల్చకండి.
2. వెల్లుల్లి నలిపే చిన్న పరికరంతో పిండి రసం తీయండి.
3. ఒక మిల్లీలీటరు రసానికి 49 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్ కలపండి. అప్పుడు యాభై రెట్లు పల్చన అవుతుంది. బోరు నీళ్లు కలిపితే దానిలోని నైట్రేట్ కూడా కలిసిపోతుంది.
4. స్ట్రిప్ ముంచి డబ్బా మీద రాసినంత సేపు ఆగి, నీడలో రంగు చూడండి. చార్టు 50 చూపిస్తే 50 × 50 = 2500.
5. చార్టు ‘నైట్రేట్’ చెప్తోందా, ‘నైట్రేట్ నైట్రోజన్’ చెప్తోందా చూడండి. రెండోదైతే 4.43తో గుణించాలి. నైట్రోజన్ 10 అంటే నైట్రేట్ 44. ఇక్కడ చాలామంది పొరపడతారు. నేనూ మొదటిసారి పొరపడ్డాను.

కాడ రసంలో అంకె ఆకు మొత్తం అంకె కంటే ఎక్కువ ఉంటుంది. కాబట్టి దీన్ని ల్యాబ్ రిపోర్టులా వాడకండి. ఈ మడికీ ఆ మడికీ, ఈ వారానికీ పోయిన వారానికీ తేడా చూసుకోవడానికి వాడండి. పోలిక కోసం చెప్తున్నాను, యూరప్‌లో తాజా పాలకూరకి కిలోకి 3500 మిల్లీగ్రాములు దాటకూడదని నియమం పెట్టారు.

మన పద్ధతిలో ఏం మార్చాలి?

జీవామృతంలో నత్రజని స్వతహాగా తక్కువే. ఎకరాకి 200 లీటర్ల నీళ్లలో పది కిలోల పేడ, ఐదు నుంచి పది లీటర్ల మూత్రం అంటే ఎంత వస్తుంది? భయం జీవామృతంతో లేదు. మనం ‘సేంద్రియమే కదా’ అని ధైర్యంగా గుమ్మరించే వాటితో ఉంది. నేను మార్చుకున్నవి ఇవి.

పచ్చి కోళ్ల ఎరువు ఆకుకూర మళ్లకి ఆపేశాను. బాగా మాగిన పశువుల ఎరువు, ఘనజీవామృతం, అదీ విత్తే ముందే.

కోతకి పది రోజుల ముందు నుంచి నత్రజని ఇచ్చేది ఏదీ పోయను. ఆవు మూత్రం పిచికారీ కూడా ఆపుతాను. ఆకు కాస్త తక్కువ నల్లగా ఉంటుంది. కొనేవాళ్లకి చెప్పి అమ్ముతాను. నల్లగా నిగనిగలాడే ఆకే మంచిదన్న అలవాటు మనమే మార్పించాలి.

నీడ తగ్గించాను. ఐదంతస్తుల నమూనాలో కింది వరసలో ఆకుకూర వేసేవాళ్లు ఇది గమనించండి. అరటి, బొప్పాయి గుబురెక్కాక కింద తోటకూరకి ఎండ అందదు, నైట్రేట్ నిలుస్తుంది. అక్కడ అల్లం, పసుపు వేసుకుని, తోటకూర, పాలకూరలకి ఎండ పడే మడి ఇవ్వండి.

కోత సాయంత్రానికి మార్చాను. ఇదే కష్టమైంది. మా దగ్గర ఆకుకూర కోసే అక్కలకి తెల్లారుజామునే అలవాటు. “ఎండలో కోస్తే వాడిపోద్ది తమ్ముడూ” అన్నారు. నిజమే. నాలుగున్నర తర్వాత మొదలుపెట్టి, కోసింది కోసినట్టు తడి గోనె పట్టాల కింద పెట్టి, రాత్రి చల్లటి గదిలో ఉంచి, పొద్దున్నే ఇస్తున్నాం. ముసురు పట్టిన రోజుల్లో కుదిరితే ఒకటి రెండు రోజులు ఆగి, ఎండ కాసిన సాయంత్రం కోస్తాం. వర్షాకాలంలో కొన్ని ఆర్డర్లు పోయాయి. పోతే పోయాయి.

వంటింటికి చెప్పాల్సినవి

మన పని పొలంతో అయిపోదు. ఆకు కోశాక కూడా నైట్రేట్ కథ నడుస్తుంది. వండిన ఆకుకూర బయట పెడితే బ్యాక్టీరియా చేరి నైట్రేట్‌ని నైట్రైట్ చేస్తుంది. కాబట్టి వండింది ఆ పూటే తినాలి, మిగిలితే వెంటనే ఫ్రిజ్‌లో పెట్టాలి. రాత్రి పొయ్యి గట్టు మీద వదిలేసిన పాలకూర పొద్దున వేడి చేస్తే ఆ నైట్రైట్ పోదు. పసిపిల్లలకి మెత్తగా చేసి పెట్టే పాలకూర అయితే ఎప్పటికప్పుడే చేయాలి.

తోటకూర ఎండురొయ్యలు మన డెల్టాలో ఇష్టమైన కూర. మానమని నేను చెప్పను. ఎండు రొయ్యలు తాజావి, వాసన మారనివి చూసి కొనండి, దించాక నిమ్మకాయ పిండుకోండి.

ఇక పొగాకు. ఆకుకూర గురించి ఇంత ఆలోచించి గుట్కా నమిలితే, చుట్ట కాలిస్తే అర్థమే లేదు. పొగాకులో నైట్రోసమైన్లు ఒంట్లో తయారవ్వాల్సిన పని కూడా లేదు. ఆకు ఆరబెట్టి, మాగబెట్టేటప్పుడే అందులో పుడతాయి. వాటిలో రెండింటిని లియోన్ సంస్థ మనిషికి కేన్సర్ కారకాలని నేరుగా తేల్చింది. మన ఉత్తరాంధ్రలో విశాఖ, శ్రీకాకుళం వైపు ఆడవాళ్లు నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని ‘అడ్డపొగ’ తాగడం, దానివల్ల అంగిలికి కేన్సర్ రావడం గురించి డాక్టర్లు 1960లు, 70ల్లోనే రాశారు. దీనికి నిమ్మకాయతో విరుగుడు లేదు. మానడమే.

టీచరమ్మ గారికి ఏం చెప్పాను?

స్టిక్కర్ తప్పని చెప్పాను. ఏ మడిలో ఎంత రంగు వచ్చిందో ఫోన్‌లో ఫొటోలు చూపించాను. ఆకుకూర మానొద్దు, కానీ ఆపరేషన్ అయినవారి భోజనం సంగతి ఆయన డాక్టరు గారినే అడగండి, నేను రైతుని, వైద్యుణ్ణి కాదు అన్నాను. పొట్ట ఆపరేషన్ అయినవాళ్లలో యాసిడ్ తగ్గి, పొట్టలోనే బ్యాక్టీరియా పెరిగే అవకాశం ఉంటుంది, కాబట్టి వాళ్ల లెక్క మన లెక్కలా ఉండకపోవచ్చు. అందుకే ఆ మాట చెప్పాల్సింది డాక్టరు గారే.

ఆవిడ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత “మా స్కూల్లో తప్పు రాసిన పిల్లాడు తనే కొట్టేసి దిద్దుకుంటే నేను మార్కు తీసేదాన్ని కాదు” అన్నారు. డాక్టరు గారిని అడిగి, వారానికి రెండు సార్లు తీసుకుంటున్నారు ఇప్పుడు.

కొత్త స్టిక్కర్ మీద ఇలా రాయించాను: ‘రసాయన ఎరువులు వేయలేదు. నిన్న సాయంత్రం కోసింది. ముదురు కాడలు తీసేయండి. వండిన పూటే తినండి. దించాక నిమ్మకాయ పిండండి.’ పాత స్టిక్కర్ కంటే పొడవు ఎక్కువ, అచ్చు ఖర్చు కూడా ఎక్కువే. కానీ ఎవరు అడిగినా ఇప్పుడు తడబడకుండా చెప్పగలను.

మీరు కూడా మీ ఆకుకూర మడిలో ఒకసారి, మీ బోరు నీళ్లలో ఒకసారి పరీక్ష చేసుకోండి. నైట్రేట్ లేదు అని మాత్రం కవర్ మీద రాయకండి. వచ్చే వీడియోలో ఒకే మడిలో పొద్దున ఆరింటికి, సాయంత్రం ఐదింటికి కోసిన పాలకూర పక్కపక్కన పెట్టి రంగు చూపిస్తాను. ఎండ చేసే పని అప్పుడు మీరే చూద్దురు గాని.

ఉంటానండి.